నాలుగెకరాల్లో ఒక ఎకరం అమ్మి అప్పు తీర్చాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మునుగోడు దగ్గర మీ నాన్నగారి పేరు మీద నాలుగెకరాలు. మూడెకరాలు పత్తి, ఎకరం బోరు కింద వరి. ఈమధ్య వేసిన రెండు బోర్లూ పడలేదు. బ్యాంకులో పంట రుణం 1,60,000, మాఫీ వస్తుందేమోనని రెండేళ్లుగా రెన్యువల్ చేయించలేదు. ఊళ్లో ప్రామిసరీ నోటు మీద 3,00,000, నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి, అంటే వడ్డీ. విత్తనాలు, పురుగుమందుల షాపులో 80,000. అమ్మగారి బంగారం మీద లక్ష. మొత్తం 6,40,000. మీకు హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. ఒక ఎకరం అమ్మి ఒడ్డున పడదామా, అమ్మితే టాక్స్ ఎంత, ఉంచుకుంటే భూమి మీద ఏటా కట్టే పన్ను భారం పెరుగుతుందా అన్నారు.

నేను గ్రామీణ బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరుగా చేరి మేనేజరుగా రిటైరయ్యాను. సర్వీసంతా నల్గొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) బ్రాంచీల్లోనే గడిచింది. నకిరేకల్ అవతల నాకూ కొంచెం చెలక ఉంది. నా సలహా ముందే చెప్తా: ఎకరం ఇప్పుడే అమ్మకండి. ముందు ఆ నోటు సంగతి చూడండి.

పన్ను గురించి రెండు మాటల్లో ముగిస్తాను, ఎందుకంటే మీ ఇబ్బంది అక్కడ లేదు. అమెరికాలో ఉన్న మీ బావ చెప్పింది నిజమే, అక్కడ భూమికీ ఇంటికీ ఏటా ప్రాపర్టీ టాక్స్ కట్టాలి, కట్టకపోతే ఆస్తి వేలం దాకా పోతుంది. మన దగ్గర సాగు భూమికి ఏటా కట్టాల్సిన చెప్పుకోదగ్గ పన్నేమీ లేదు. పంట మీద వచ్చిన ఆదాయానికి ఇన్‌కమ్ టాక్స్ లేదు. పంచాయతీకి కట్టే ఇంటి పన్ను ఏ రైతునూ ముంచదు. ఖర్చంతా భూమి చేతులు మారేటప్పుడే. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ కలిపి 2021 జూలై నుంచి 7.5 శాతం అయింది. అంతకుముందు 6 ఉండేది. రివాజు ప్రకారం అది కొనేవాడే కడతాడు గానీ, ధర మాట్లాడేటప్పుడు మీ దగ్గరే తగ్గిస్తాడు. అమ్మిన లాభం మీద టాక్స్ అంటారా, ఊరి పొలం అయితే లేదు. కాకపోతే దగ్గరి మున్సిపాలిటీ హద్దు నుంచి దూరం చూస్తారు. ఆ పట్టణం జనాభా పది వేలు దాటి లక్ష లోపు అయితే రెండు కిలోమీటర్లు, పది లక్షల లోపు అయితే ఆరు, ఆపైన అయితే ఎనిమిది. నల్గొండ, మహబూబ్‌నగర్ లాంటి ఊళ్లకు ఆరు కిలోమీటర్ల లెక్క. ఈ దూరం రోడ్డు మీద కాదు, గాల్లో గీత గీసినట్టు కొలుస్తారు. ఆ బయట ఉన్న పొలం అమ్మకానికి క్యాపిటల్ గెయిన్స్ లేదు.

ఇప్పుడు అసలు విషయం.

మీ ఇంటికి ప్రభుత్వం నుంచి వచ్చేది లెక్క వేయండి. రైతు భరోసా ఎకరానికి సీజనుకు 6,000 చొప్పున, రెండు సీజన్లూ పడితే నాలుగెకరాలకు ఏడాదికి 48,000. పీఎం కిసాన్ 6,000. కలిపి 54,000. మీ నోటు మీద మిత్తి నెలకు 6,000, ఏడాదికి 72,000. అంటే రెండు ప్రభుత్వాలు కలిసి ఇచ్చేదంతా తీసుకుపోయి ఇచ్చినా, ఒక్క నోటు మిత్తికే ఇంకా 18,000 తక్కువ పడుతుంది. అసలులో పైసా తగ్గదు. మీ నాన్నగారు పత్తి పండించడం చేతకాక అప్పులపాలు కాలేదు. ఈ లెక్కలో ఎంత పండించినా ఇంతే.

మీరు ఇంకో మాట కూడా రాశారు, అది చదివి ఆగిపోయాను. ఆ మూడు లక్షలు మొదట తెచ్చినప్పుడు 1,75,000 అనీ, మూడేళ్లయ్యాక నోటు తిరగరాస్తే మూడు లక్షలయిందనీ. లెక్క సరిగ్గానే ఉంది. 1,75,000కు మూడేళ్ల మిత్తి 1,26,000. కలిపితే 3,01,000. వెయ్యి వదిలేసి మూడు లక్షలకు కొత్త నోటు రాయించుకున్నారు. ఇక్కడ మిత్తి అసలైంది. ఈ మూడు లక్షలను ఇంకోసారి ఇలాగే తిరగరాస్తే 5,16,000 అవుతుంది. మొదట చేతికి వచ్చింది 1,75,000. మధ్యలో ఎవరూ మిమ్మల్ని మోసం చేయలేదు, ఎవరూ రేటు పెంచలేదు. ఊళ్లో అందరూ నమ్మే "రెండు రూపాయలే కదా" అన్న మాట ఆరేళ్లలో చేసే పని ఇది.

తిరగరాయడం మూడేళ్లకే ఎందుకంటే, నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్లలోపు కోర్టులో దావా వేయకపోతే దానికి కాలదోషం పడుతుంది. మధ్యలో కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. అందుకని గడువు దగ్గరపడేసరికి అప్పిచ్చిన సేటు ఇంటికొస్తాడు. మీ నోటు మీద తేదీ ఏముందో ముందు చూడండి. గడువు దాటించి ఎగ్గొట్టమని చెప్పడం లేదు. రాత్రిపూట ఆస్పత్రికి పోవాల్సి వస్తే ఊళ్లో డబ్బు ఇచ్చింది ఆయనే, బ్యాంకు మేనేజరు కాదు. రేపు అవసరం పడితే మళ్లీ ఆయన గడపే తొక్కాలి. తేదీ ఎందుకంటే, ఎప్పటిలోగా మాట్లాడి తెంచుకోవాలో తెలియడానికి. తిరగరాసే రోజున కాకుండా దానికి ఆరు నెలల ముందు డబ్బు చూపించి మాట్లాడితే మీ మాటకు బలం ఉంటుంది.

డబ్బు ఎక్కడిది అంటారు. మీ జీతం మీద పర్సనల్ లోను. అందరికీ ఇది చెప్పను. మీకు చెప్తున్నాను ఎందుకంటే నెలనెలా బ్యాంకులో పడే జీతం మీ ఇంట్లో ఉంది. మూడు లక్షలు 13 శాతం మీద మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 10,100 దాకా వస్తుంది. మూడేళ్లలో మొత్తం వడ్డీ 64,000 దాకా, ఆ తర్వాత అప్పు సున్నా. అదే నోటు మీద మూడేళ్ల మిత్తి 2,16,000, ఆ తర్వాత అప్పు ఎక్కడిదక్కడే. మీ జీతంలో పదివేలు పోతే రూమ్ కిరాయి, ఖర్చులకు ఇబ్బందే, తెలుసు. ఇప్పుడు నెలకు ఎంతో కొంత ఇంటికి పంపుతున్నారు కదా, అది ఎటు పోతోందో అడగండి. చాలామటుకు ఆ మిత్తికే పోతుంటుంది.

పెద్దమనుషులను ఇద్దరిని కూర్చోబెట్టి, "మొత్తం ఒకేసారి కడతాం, పాత 1,75,000కు బారువడ్డీ లెక్క కట్టి ముగిద్దాం" అని అడగండి. ఒప్పుకుంటే కొంత తగ్గుతుంది, ఒప్పుకోకపోయినా నష్టం లేదు. డబ్బు అకౌంట్ నుంచి అకౌంట్‌కే వేయండి. కట్టిన రోజునే నోటు చేతికి తీసుకోండి. "ఇంట్లో ఎక్కడో పెట్టిన, దొరకంగనే పంపుతా" అంటే డబ్బు పంపకండి. నోటుతో పాటు ఖాళీ చెక్కు, సంతకం చేసిన ఖాళీ స్టాంపు కాగితం ఏమైనా ఇచ్చారేమో నాన్నగారిని మెల్లగా అడగండి. కొడుకుకు చెప్పడానికి మొహమాటపడతారు. సంతకం పెట్టి ఖాళీగా ఇచ్చిన నోటును తర్వాత నింపుకునే హక్కు పట్టుకున్నవాడికి చట్టమే ఇస్తుంది. చెక్కు బౌన్స్ అయితే అది క్రిమినల్ కేసు.

జీతం మీద లోను రాకపోతే ఇంకో దారి ఉంది, దీన్ని బ్యాంకు వాళ్లు తమంతట తాము చెప్పరు. ప్రైవేటు అప్పుల్లో కూరుకుపోయిన రైతుకు ఆ అప్పు తీర్చుకోవడానికి ఇచ్చే లోనును కూడా ఆర్‌బీఐ ప్రాధాన్య రంగం కింద వ్యవసాయ రుణంగానే లెక్కిస్తుంది. మేనేజరుకు టార్గెట్ కూడా అందులో కలుస్తుంది. కానీ మీ పంట రుణం బాకీ పడి ఉండగా వెళ్లి అడిగితే కుర్చీలో కూర్చోమని కూడా అనరు.

అందుకే పంట రుణం గురించి. రాష్ట్ర ప్రభుత్వం చేసిన 2024 మాఫీ 2018 డిసెంబర్ 12 నుంచి 2023 డిసెంబర్ 9 మధ్య ఉన్న అప్పులకు, కుటుంబానికి రెండు లక్షల వరకు. జూలై 18న లక్ష లోపు వాళ్లకు, నెలాఖరున లక్షన్నర, ఆగస్టు 15న రెండు లక్షల దాకా చేశారు. మిగిలినవాళ్లకు కొందరికి నవంబర్ చివర్లో పాలమూరు సభ అప్పుడు వచ్చింది. మీకు అందులో ఎందుకు రాలేదో ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గరా బ్యాంకులోనూ ఒకసారి కనుక్కోండి. ఆధార్‌లో పేరు తేడా, రేషన్ కార్డు లేక కుటుంబ నిర్ధారణ ఆగిపోవడం లాంటి చిన్న కారణాలే ఎక్కువ చూశాను. కానీ ఇంకో మాఫీ కోసం రెన్యువల్ ఆపడం మాత్రం మానేయండి. మూడు లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం. ఏడాదిలోపు కడితే 3 శాతం వెనక్కి, అంటే 4 శాతమే పడుతుంది. 1,60,000 మీద 6,400. ఇంత చవక డబ్బు మీ నాన్నగారికి ఇంకెక్కడా పుట్టదు. గడువు దాటితే ఆ రాయితీ పోతుంది, బ్యాంకు మామూలు రేటు పడుతుంది. రెండు పంటకాలాలు దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. చవక అప్పును ఆపి ఖరీదైన అప్పుకు మిత్తి కట్టడం మన జిల్లాల్లో ఇంటింటా జరుగుతోంది. కారణం ఒక్కటే. సేటు ఇంటికొచ్చి అడుగుతాడు, బ్యాంకు నోటీసు పంపి ఊరుకుంటుంది.

రెన్యువల్‌కు మొత్తం డబ్బు చేతిలో లేనప్పుడు ఊళ్లో ఏం చేస్తారో మీకు తెలిసే ఉంటుంది. బ్యాంకు దగ్గరే ఒకడు ఉంటాడు. నాలుగు రోజులకు 1,60,000 ఇస్తాడు, పొద్దున కట్టిస్తాడు, సాయంత్రానికో మర్నాటికో కొత్త లోను పడగానే తీసుకుపోతాడు. ఆ నాలుగు రోజులకు వాడు తీసుకునేది మొత్తం ఏడాది బ్యాంకు వడ్డీలో సగం ఉంటుంది. దానికంటే మీరు స్నేహితుల దగ్గర చేబదులు తీసుకుని ఆ రెండు రోజులు సర్దండి. రెన్యువల్ అయ్యేటప్పుడు పంట సాగు ఖర్చు కొత్త లెక్క ప్రకారం లిమిట్ పెంచమని అడగండి. తాకట్టు లేకుండా ఇచ్చే పంట రుణం పరిమితిని ఆర్‌బీఐ 2025 జనవరి 1 నుంచి 1,60,000 నుంచి రెండు లక్షలకు పెంచింది. పెరిగిన నలభై వేలు మందుల షాపుకు పోవాలి, ఇంకెటూ కాదు.

బ్యాంకు భూమి లాక్కుంటుందన్న టెన్షన్ మీ ఉత్తరంలో కనిపించింది. కోర్టుకు పోకుండా ఆస్తి స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం సాగు భూమికి వర్తించదు. బ్యాంకు దావా వేయాలి, డిక్రీ తేవాలి. మీ నాన్నగారు ఉంటున్న ఇల్లు, నాగలి, ఎడ్లు, విత్తనం లాంటివి డిక్రీ వచ్చినా జప్తు చేయకుండా సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో రక్షణ ఉంది. సహకార సంఘంలో తీసుకున్న అప్పు దారి వేరు, వాళ్లకు సహకార చట్టం కింద సొంత వసూలు పద్ధతి ఉంది. మీది బ్యాంకు అప్పే కాబట్టి దాని గురించి పొడిగించను.

మందుల షాపు 80,000 చిన్నదిగా కనిపిస్తుంది. నా లెక్కలో నోటు తర్వాత ప్రమాదకరమైనది ఇదే. ఉద్దెరకు ఇచ్చే విత్తనం ప్యాకెట్, మందు డబ్బా నగదు ధర కంటే ఎక్కువకే రాస్తారు. దాని మీద మిత్తి వేరు. వీటన్నిటికీ పైన, పత్తి ఏరగానే ఆయన మనిషి ట్రాలీతో కల్లం దగ్గరికి వస్తాడు. ఆయన చెప్పిన ధరకు ఆయనకే వేయాలి. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర 8,110. మీ మూడెకరాల్లో ఇరవై క్వింటాళ్లు వచ్చాయనుకుందాం. షాపాయన క్వింటాలుకు వెయ్యి తక్కువ ఇచ్చినా ఇరవై వేలు పోయినట్టే. 80,000 అప్పుకు ఇది పాతిక శాతం, ఏ చిట్టాలోనూ కనిపించని మిత్తి. గద్వాల వైపు విత్తనం కోసం సీడ్ పత్తి వేసేవాళ్లకు ఆర్గనైజర్లతో, అంటే విత్తన కంపెనీల మధ్యవర్తులతో, ఇదే కథ, ఇంకా ముదిరి ఉంటుంది. పెట్టుబడి ఆయనే ఇస్తాడు, విత్తనం పరీక్షలో పాసయ్యాక నెలల తర్వాత డబ్బు వస్తుంది, అప్పటిదాకా మిత్తి నడుస్తూనే ఉంటుంది.

ఈ షాపు బాకీ తీరితే మద్దతు ధరకు కొనే సీసీఐ (కాటన్ కార్పొరేషన్) కేంద్రానికి పోయే స్వేచ్ఛ వస్తుంది. అక్కడ తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, 12 దాకా కోత పెడతారు, అది దాటితే కొనరు. మంచు పడే పొద్దున ఏరిన పత్తిని నేరుగా సంచుల్లో కుక్కితే తేమ దాటుతుంది, రెండు రోజులు ఎండబెట్టాలి. మీ నాన్నగారికి ఇది నేను చెప్పనక్కర్లేదు. కానీ అప్పున్న రైతుకు ఎండబెట్టే రెండు రోజుల ఓపిక ఉండదు, ఉండనివ్వరు.

బంగారం లక్ష బ్యాంకులో ఉంటే కదిలించకండి, వడ్డీ కట్టి నడపండి. ప్రైవేటు ఫైనాన్స్‌లో ఉంటే రేటు చూసి బ్యాంకుకు మార్చండి.

ఇవేవీ కుదరక అమ్మాల్సే వస్తే, అమ్మండి. భూమి అమ్మడం తప్పు అని నేను అనుకోను. నోటు ఐదు లక్షలయ్యాక, సేటే కొనేవాడై, ఆయన చెప్పిన ధరకు రెండెకరాలు రాసివ్వడం కంటే, ఇప్పుడే మీరు నలుగురిని అడిగి ధర తెచ్చుకుని కొంత అమ్మడం మేలు. అప్పుకు ఎంత కావాలో అన్ని గుంటలే అమ్మాలని చూడండి. కాకపోతే ముక్క కోసేటప్పుడు మిగిలిన పొలానికి దారి, పడిన ఒక్క బోరు మీ వైపు ఉండేలా హద్దులు పెట్టించండి. రోడ్డు వైపు ముక్క కావాలనే అడుగుతారు, ఇస్తే వెనక మిగిలిన మూడెకరాల ధర పడిపోతుంది. పిత్రార్జితం అయితే మేనత్తల సంతకాలు అడుగుతారు, ముందే మాట్లాడి పెట్టుకోండి. బయానాతో సహా ఇరవై వేలు, ఆపైన ఏదీ నగదుగా తీసుకోవద్దు. భూమి అమ్మకం సొమ్ము నగదుగా పుచ్చుకుంటే అంత మొత్తమూ పెనాల్టీగా పడే నిబంధన ఉంది.

ఒక్కటి మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకండి. "అమ్మడం ఎందుకు, నా పేరు మీద రిజిస్ట్రేషన్ చేయి, డబ్బు కట్టంగనే మళ్లీ నీ పేరు మీద చేస్తా" అని ఎవరో ఒకరు వస్తారు. సెక్యూరిటీ కోసమే అంటారు. వేరే తెల్ల కాగితం మీద ఒప్పందం కూడా రాసిస్తారు. చట్టం ప్రకారం డబ్బు కడితే తిరిగి ఇచ్చే షరతు ఆ సేల్ డీడ్‌లోనే ఉంటే తప్ప అది తాకట్టు కాదు, అమ్మకమే. వేరే కాగితం పట్టుకుని కోర్టుకు పోతే ఏళ్లు పడుతుంది. పైగా 2020లో భూముల పోర్టల్ ధరణి వచ్చినప్పటి నుంచి వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దారు ఆఫీసులోనే, మ్యుటేషన్ కూడా వెంటనే. దాని స్థానంలో వచ్చిన భూభారతిలోనూ అదే పద్ధతి. సంతకం పెట్టిన రోజునే పట్టా ఆయన పేరు మీదికి పోతుంది. పట్టాతో పాటు రైతు భరోసా ఆయనకు పోతుంది, ఆ భూమి చూపించి బ్యాంకులో పంట రుణం ఆయన తీసుకుంటాడు. మీ నాన్నగారు తన పొలంలోనే కౌలుదారు అవుతారు. బీమాకు కూడా పట్టాదారు పేరే ఆధారం.

మూడో బోరు సంగతి మీరు అడగలేదు కానీ నాన్నగారి మనసులో ఉంటుంది. మునుగోడు, మర్రిగూడ వైపు కింద గట్టి రాయి. రెండు పడని చోట మూడోది పడుతుందని కొబ్బరికాయ పట్టుకుని నీళ్లు చూపించేవాడు చెప్తాడు. డ్రిల్లింగు, కేసింగు, మోటారు, పైపులు కలిపి లక్షకు తక్కువ కాదు. మీరు నోటు తీర్చిన నెలలోనే ఈ మాట వస్తుంది, ఎందుకంటే మళ్లీ అప్పు పుట్టే వీలు అప్పుడే కలుగుతుంది. లోను తీసుకునే ముందే ఈ విషయం ఇంట్లో తేల్చుకోండి. 2020లో రాష్ట్రం కేంద్రం పంట బీమా పథకం ఫసల్ బీమా నుంచి బయటికి వచ్చాక పంట పోతే ఆ నష్టం చాలామటుకు రైతు మీదే పడింది. అలాంటప్పుడు చేతిలో మిగిలిన లక్షను బోరు గుంతలో పోయడం నాకు నచ్చదు. కావాలంటే వరి ఎకరాన్ని యాసంగిలో ఆరుతడికి మార్చమనండి.

నాన్నగారికి 57 అన్నారు. రైతు చనిపోతే కుటుంబానికి సొమ్ము ఇచ్చే రైతు బీమా 59 ఏళ్ల వరకే, మొత్తం ఐదు లక్షలు, ఏటా ఆగస్టు 14 నుంచి కొత్త ఏడాది లెక్క. ఈ రెండేళ్లలో నామినీగా అమ్మగారి పేరు, ఆధార్ స్పెల్లింగుతో సహా సరిగ్గా ఉందో లేదో ఏఈఓ దగ్గర చూసుకోండి. మీ చెల్లెలి పెళ్లికి ముందు నామినీగా ఆమె పేరు పెట్టి ఉంటే మార్పించండి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. నోటు మీద తేదీ, పంట రుణం స్టేట్‌మెంట్, షాపు చిట్టా ఈ ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు ఫోన్‌లో ఫొటో తీసుకుని రండి. షాపు చిట్టాలో ఒకే ఎంట్రీ రెండుసార్లు పడటం కొత్తేమీ కాదు.